స్వాన్ దీపం ఎన్ని చేతులు మారింది?

ఇంట్లో బల్బు మార్చే అలవాటున్న ఎవరికైనా ఆ కదలిక చేతికి తెలిసే ఉంటుంది. హోల్డరులో పెట్టి, లోపలికి నొక్కి, కాస్త తిప్పితే రెండు పిన్నులూ గాడిలో పడతాయి. అమెరికాలోనో జర్మనీలోనో స్థిరపడిన మన బంధువుల ఇళ్ళలో అలా కుదరదు. అక్కడి బల్బుకు మరలు ఉంటాయి, చుట్లు తిప్పి బిగించాలి. మరల బల్బు ఎడిసన్ సంప్రదాయం. నొక్కి తిప్పేది బ్రిటన్ సంప్రదాయం. దానికి ఉన్న పేర్లలో స్వాన్ క్యాప్ ఒకటి. అది బ్రిటిష్ పాలనతో పాటు మన దేశానికి వచ్చి, ఇప్పటి ఎల్‌ఈడీ బల్బుల మీద కూడా నిలిచి ఉంది.

ఆ పేరు జోసెఫ్ స్వాన్‌ది. ఆయన పేరు, ఎడిసన్ పేరు కలిపి పుట్టిన కంపెనీ ఎడిస్వాన్. బ్రిటన్ విద్యుద్దీపాల పరిశ్రమ చరిత్రంతా దాదాపుగా ఈ ఒక్క కంపెనీ వంశవృక్షం మీద చెప్పవచ్చు. అయితే ఆ వృక్షం కొమ్మలు బాగా పెనవేసుకుపోయాయి. బ్రిటన్‌లోని జీఈసీకీ అమెరికాలోని జీఈకీ చుట్టరికం లేదు. దశాబ్దాల పాటు బ్రిటన్‌లో అమ్ముడుపోయిన ఓస్రామ్ బల్బు జర్మన్ కంపెనీది కాదు. మజ్డా అంటే ఈ రోజు కారు గుర్తుకొస్తుంది గాని, ఒకప్పుడు అది బల్బు పేరు. ఇవన్నీ ఒకేసారి చదివితే తల తిరుగుతుంది.

నాకు ఉపయోగపడిన పద్ధతి చెబుతాను. కంపెనీ అంటే ఒక్కటే వస్తువని అనుకోకూడదు. పేటెంటు, పేరు, కర్మాగారం, వాటాలు అనే నాలుగింటినీ నాలుగు వేర్వేరు ఆస్తులుగా చూడాలి. ఒకదాన్ని ఒకరు కొంటే మరొకదాన్ని ఇంకొకరు కొంటారు. ఇంకొక మాట కూడా మనసులో పెట్టుకోవాలి. ఈ కథలోని పెద్ద విలీనాలకు కారణం కొత్త ఆవిష్కరణలు కాదు. చాలాసార్లు ఎవరో ఇద్దరు కొట్లాటకు సిద్ధమై, కొట్లాడితే ఇద్దరమూ నష్టపోతామని గ్రహించి, చేతులు కలిపారు.

న్యూకాజిల్‌లో మొదలు

స్వాన్ 1828లో ఈశాన్య ఇంగ్లండులోని సండర్లాండ్‌లో పుట్టాడు. న్యూకాజిల్‌లో మందుల, రసాయనాల వ్యాపారంలో భాగస్వామి అయ్యాడు. ఫోటోగ్రఫీలో ఆయన చేసిన పనికే వేరే వ్యాసం కావాలి. కాగితాన్ని బొగ్గుగా కాల్చి, గాలి తీసేసిన గాజుబుడ్డిలో పెట్టి, దానిలోంచి కరెంటు పంపే ప్రయోగాలు ఆయన 1850ల నాటికే మొదలుపెట్టాడు. ఆలోచన సరైనదే, పనిముట్టు చాలలేదు. ఆనాటి పంపులు బుడ్డిలోని గాలిని పూర్తిగా లాగలేకపోయేవి. మిగిలిన గాలిలో బొగ్గు తంతువు కాలిపోయేది.

1865లో హెర్మన్ స్ప్రెంగెల్ పాదరసపు పంపు వచ్చింది. పది పన్నెండేళ్ళ తర్వాత స్వాన్ మళ్ళీ ఈ పనికి తిరిగి వచ్చినప్పుడు, ఆ పంపుతో గాలి లాగడంలో ఆరితేరిన చార్లెస్ స్టెర్న్ ఆయనకు తోడయ్యాడు. స్టెర్న్ బర్కెన్‌హెడ్ పట్టణంలో బ్యాంకు ఉద్యోగి. స్వాన్ పట్టుకున్న కీలకం ఏమిటంటే, బొగ్గు తన లోపల కూడా వాయువును దాచుకుంటుంది. బుడ్డిలోంచి గాలి లాగుతున్నప్పుడే తంతువును ఎర్రగా వేడెక్కిస్తే ఆ దాగిన వాయువు బయటికొస్తుంది, దాన్ని కూడా లాగేయవచ్చు. దీనికి 1880 జనవరిలో పేటెంటు తీసుకున్నాడు. అంతకు ముందే, 1879 ఫిబ్రవరి 3న, న్యూకాజిల్‌లోని లిటరరీ అండ్ ఫిలసాఫికల్ సొసైటీలో వందల మంది ఎదుట తన దీపాన్ని వెలిగించి చూపించాడు.

దీపం అనే మూలభావనకు మాత్రం ఆయన పేటెంటు అడగలేదు. బొగ్గును శూన్యంలో వెలిగించడం తనకన్నా ముందే తెలిసిన సంగతి కాబట్టి, అది ఎవరికీ సొంతం కాదని ఆయన నిజాయితీగా నమ్మాడు. ఎడిసన్ అలా అనుకోలేదు. 1879 నవంబరులోనే బ్రిటన్‌లో కూడా పేటెంటు తీసేసుకున్నాడు. తర్వాతి పదేళ్ళ కథను నడిపింది ఈ తేడాయే.

ఈలోగా స్వాన్ దీపాలు ఇళ్ళకెక్కాయి. గేట్స్‌హెడ్‌లో ఆయన సొంత ఇల్లు, 1880 చివర్లో క్రాగ్‌సైడ్‌లో ఆయుధాల తయారీదారు విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ భవనం, 1881లో లండన్‌లోని సవాయ్ థియేటర్ వాటితో వెలిగాయి. థియేటరు మొత్తాన్ని సుమారు 1,200 దీపాలతో వెలిగించారు. గ్యాసు మంటల వేడికి, అగ్నిప్రమాదాల భయానికి అలవాటు పడిన ప్రేక్షకులకు అది ఎంత పెద్ద ఊరటో ఊహించుకోవచ్చు. అదే ఏడాది న్యూకాజిల్ శివారు బెన్వెల్‌లో స్వాన్ కర్మాగారం మొదలైంది. బల్బులనే వ్యాపారంగా తయారు చేసిన ప్రపంచపు తొలి కర్మాగారాల్లో అది ఒకటి.

1883: పోట్లాట మాని పెళ్ళి

లండన్‌లో ఎడిసన్ మనుషులు కూడా ఊరుకోలేదు. 1882 జనవరిలో హోల్బర్న్ వయాడక్ట్ దగ్గర విద్యుత్ కేంద్రాన్ని నడిపించి చూపారు. రెండు కంపెనీలు, ఒకే వస్తువు, ఒకే మార్కెట్. ఎడిసన్ పక్షం కోర్టుకు వెళ్ళడానికి సిద్ధమైంది.

అక్కడే లెక్క తిరగబడింది. ఎడిసన్ కోర్టుకు వెళ్ళి గెలిస్తే స్వాన్ కంపెనీ మూతపడుతుంది. స్వాన్ గెలిస్తే ఎలా గెలుస్తాడు? ‘ఇది ఎడిసన్ కన్నా ముందే నేను చేశాను’ అని నిరూపించి గెలుస్తాడు. అప్పుడు ఎడిసన్ పేటెంటు కొట్టుడుపోతుంది. కానీ స్వాన్‌కు మూలభావన మీద పేటెంటు లేదు. కాబట్టి బల్బు ఎవరైనా చేసుకోవచ్చన్నట్టు అవుతుంది. స్వాన్ గెలిచినా, ఆ గెలుపు ఊరందరికీ పంచిపెట్టినట్టే. ఇద్దరిలో ఎవరు గెలిచినా ఎవరో ఒకరు మునగడం ఖాయం. ఇద్దరూ కలిసిపోతే మాత్రం పేటెంటు నిలుస్తుంది, మూడోవాడు రాలేడు.

1883 అక్టోబరులో ఎడిసన్ అండ్ స్వాన్ యునైటెడ్ ఎలక్ట్రిక్ లైట్ కంపెనీ నమోదైంది. మూలధనం పది లక్షల పౌండ్లు. జనం నోట అది ఎడిస్వాన్ అయింది, ఆ తర్వాత బల్బు మీద కూడా ఆ పేరే వచ్చింది. 1886లో లండన్‌కు ఉత్తరాన పాండర్స్ ఎండ్‌లో, మూతపడిన జనపనార మిల్లులో కర్మాగారం పెట్టారు.

ఈ చరిత్రలో నన్ను నిజంగా బాధపెట్టే ఘట్టం దీని తర్వాతదే. కొత్త కంపెనీ తన పేటెంటును ఉల్లంఘిస్తున్నారంటూ చిన్న తయారీదారుల మీద కేసులు వేసింది. ప్రతివాదులు చెప్పిన జవాబు ఊహించదగినదే: ఎడిసన్ కన్నా ముందే స్వాన్ ఇలాంటి దీపం వెలిగించాడు, అందువల్ల ఎడిసన్ పేటెంటు చెల్లదు. అప్పుడు కంపెనీ ఏం చేయాలి? తన పేరులో సగమైన స్వాన్ చేసింది అసలైన ఆవిష్కరణ కాదని కోర్టులో వాదించాలి. అదే చేసింది. స్వాన్ 1879 ఆరంభంలో చూపించినదానిలో ఉన్నది సన్నని తంతువు కాదు, బొగ్గు కడ్డీ మాత్రమే అన్న తేడాను పట్టుకుంది. 1889లో అప్పీలు కోర్టు ఎడిసన్ పేటెంటును నిలబెట్టింది. గెలిచినది స్వాన్ కంపెనీ, ఓడినది స్వానే ముందు చేశాడన్న మాట.

కోర్టు పట్టుకున్న ఆ తేడాలో శాస్త్రం లేదని మాత్రం అనలేం. ఒక ఉదాహరణ చూద్దాం. నూరు వాట్ల దీపం కావాలి. తంతువు నిరోధం నూరు ఓములైతే, నూరు వోల్టుల దగ్గర ఒక్క ఆంపియరు చాలు. అదే నూరు వాట్లను ఒక్క ఓము నిరోధం ఉన్న లావుపాటి కడ్డీలో పుట్టించాలంటే పది ఆంపియర్లు కావాలి. తీగలో వృథా అయ్యే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే అదే తీగలో నూరు రెట్లు వృథా, లేదా నూరు రెట్లు రాగి. ఒక ఇంటికి ఇది పెద్ద లెక్క కాదు. ఊరంతటికీ ఒకే కేంద్రం నుంచి కరెంటు పంపాలనుకునేవాడికి ఇదే బతుకు లెక్క. ఎడిసన్ మొదటి నుంచీ ఊరిని దృష్టిలో పెట్టుకున్నాడు. స్వాన్ మొదట దీపాన్ని చూసుకున్నాడు. తర్వాత స్వాన్ కూడా పలచని తంతువుకు వచ్చాడు. గంధకామ్లంలో ముంచి గట్టిపరచిన నూలుదారంతో, ఆ తర్వాత సన్నని రంధ్రంలోంచి ద్రావణాన్ని పిండి తీసిన దారంతో తంతువులు చేశాడు. ఈ రెండో పద్ధతే కృత్రిమ పట్టుకు దారి చూపింది. కాబట్టి ఎవరు గొప్ప అన్న ప్రశ్నకు నా జవాబు, ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు వెతికారనే. కోర్టుకు ఆ వెసులుబాటు లేదు, ఒకరి పేరే రాయాలి.

స్వాన్‌కు దక్కవలసిన గౌరవం వేరే చోట దక్కింది. 1894లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు, 1904లో సర్ బిరుదు వచ్చింది. 1914లో కన్నుమూశాడు.

పేటెంటు తీరాక

1893 నవంబరులో పేటెంటు గడువు ముగిసింది. కాపలా గోడ ఒక్కరోజులో కూలింది. కొత్త కర్మాగారాలు వచ్చాయి, ధరలు దిగాయి. అదే ఏడాది లండన్‌లోని హామర్‌స్మిత్‌లో రాబర్ట్‌సన్ దీపాల కర్మాగారం మొదలైంది. దాని వెనక ఉన్నది హ్యూగో హర్స్ట్ నడిపిన జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ, అంటే జీఈసీ. అమెరికా జనరల్ ఎలక్ట్రిక్‌తో పేరు ఒకటే గాని పుట్టుక వేరు. జీఈసీ లండన్ వ్యాపారుల సొంత సంస్థ.

ఎడిస్వాన్ చేతిలో ఇంకొక అవకాశం ఉండింది, దాని విలువ ఆ రోజుల్లో ఎవరికీ పూర్తిగా తెలియలేదు. కంపెనీ సలహాదారు జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ 1904లో రూపొందించిన రెండు ధ్రువాల వాల్వు పాండర్స్ ఎండ్ కర్మాగారంలో తయారైంది. బల్బుకు ఒక లోహపు రేకు చేర్చి, విద్యుత్తును ఒకే దిశలో పారించే పరికరం అది. ఎలక్ట్రానిక్స్ అనే రంగం దానితో మొదలైందంటే అతిశయోక్తి కాదు. ఆ కర్మాగారం దశాబ్దాల పాటు వాల్వులు చేసింది కూడా. కానీ ఎడిస్వాన్ మళ్ళీ అగ్రస్థానానికి రాలేదు.

కారణం టంగ్‌స్టన్. 1904 తర్వాత బొగ్గు తంతువు స్థానంలో లోహపు తంతువు వచ్చింది. కీలక పేటెంట్లు మరొకరి దగ్గర ఉన్నాయి. అమెరికా జీఈ హక్కులు బ్రిటన్‌లో బ్రిటిష్ థామ్సన్ హ్యూస్టన్, అంటే బీటీహెచ్ అనే సంస్థకు వచ్చాయి. దాని బల్బు పేరు మజ్డా, పారశీకుల జ్ఞానదైవం అహుర మజ్దా నుంచి తీసుకున్నది. జర్మనీలో ఓస్మియం, వుల్‌ఫ్రమ్ అన్న రెండు లోహాల పేర్లు కలిపి 1906లో పుట్టిన ఓస్రామ్ పేరు బ్రిటన్‌లో జీఈసీ చేతికి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అది అక్కడ పూర్తిగా జీఈసీ సొంతం. అందుకే సరిహద్దుకు అటు ఓస్రామ్ వేరు, ఇటు ఓస్రామ్ వేరు. పేరు ఒక ఆస్తి, దాన్ని దేశాల వారీగా విడగొట్టి అమ్ముకోవచ్చు.

మళ్ళీ అదే పాత లెక్క. పేటెంట్లున్నవాళ్ళు ఒకరినొకరు కోర్టుకు ఈడ్చుకోవచ్చు, లేదా కలిసి కూర్చోవచ్చు. కలిసి కూర్చున్నారు. 1919లో ఎల్మా అనే దీపాల తయారీదారుల సంఘం ఏర్పడింది. ధరలు, లైసెన్సులు, ఎవరెంత తయారు చేయాలన్న వాటాలు అక్కడ తేలేవి. 1924 డిసెంబరులో జెనీవాలో ఫీబస్ అనే అంతర్జాతీయ కూటమి ఏర్పడింది. బ్రిటిష్ కంపెనీలకూ అందులో చోటుంది. బల్బు ఆయుష్షు 1,000 గంటలు ఉండాలని నిర్ణయించి, ఎక్కువకాలం మన్నే బల్బులు చేసినవారికి జరిమానాలు వేసిన కూటమి ఇదే.

ఈ 1,000 గంటల సంగతి తరచూ పచ్చి మోసంగా ప్రచారంలోకి వస్తుంది. సగమే నిజం. తంతువును ఎంత వేడిగా వెలిగిస్తే ఒక్కో వాటుకు అంత ఎక్కువ వెలుగు వస్తుంది, అంత త్వరగా టంగ్‌స్టన్ ఆవిరైపోతుంది. ఎక్కువకాలం మన్నే బల్బు మసకగా వెలుగుతుంది. అదే వెలుగు కావాలంటే కరెంటు బిల్లు పెరుగుతుంది. బ్రిటన్ గుత్తాధిపత్యాల విచారణ సంఘం 1951లో ఎలక్ట్రిక్ దీపాల మీద నివేదిక ఇచ్చినప్పుడు ఈ వాదనను ఒప్పుకుంది, ఆ ప్రమాణాన్ని తప్పుపట్టలేదు. నా అభ్యంతరం వేరు. వెయ్యి గంటలు మంచి రాజీయే కావచ్చు, కానీ ఆ రాజీని కొనేవాడు ఎంచుకోవాలి. జెనీవాలో గది తలుపులు మూసి పోటీదారులు కలిసి నిర్ణయించి, దాటినవాడికి శిక్ష వేయడం రాజీ కాదు.

1920ల చివర బీటీహెచ్, మెట్రోపాలిటన్ వికర్స్ కలిసి ఏఈఐ అనే పెద్ద సంస్థ అయ్యాయి. ఎడిస్వాన్ అందులో చేరిపోయింది. 1950ల మధ్యలో ఏఈఐ సీమెన్స్ బ్రదర్స్‌ను కూడా కొంది. జర్మన్ పేరున్నా అప్పటికి అది పూర్తిగా బ్రిటిష్ కంపెనీ. కొన్నాళ్ళు సీమెన్స్ ఎడిసన్ స్వాన్ అనే పేరుతో ఒక సంస్థ నడిచింది. ముగ్గురు ఆవిష్కర్తల పేర్లు ఒకే బోర్డు మీద ఉన్నాయి గాని, ఆ ముగ్గురి వారసులెవరూ దాని యజమానులు కారు. 1960లో ఏఈఐ తన లోపలి పాత పేర్లను చాలావరకు పక్కన పెట్టింది.

(ఫ్యాన్ల మీద, మోటార్ల మీద మనకు తెలిసిన క్రాంప్టన్ పేరు కూడా ఈ పరిశ్రమలోదే. చెమ్స్‌ఫర్డ్‌లో 1878లో కంపెనీ పెట్టిన ఆర్.ఇ.బి. క్రాంప్టన్ యువకుడిగా భారతదేశంలో సైనికాధికారి, ఇక్కడి రోడ్ల మీద ఆవిరి బండ్లు నడపాలని తపించినవాడు. ఆయన కంపెనీ బ్రిటన్‌లో వేరే సంస్థలో కలిసిపోయింది, పేరు మాత్రం ఇక్కడ బతికింది.)

వియన్నా నుంచి వచ్చినవాడు

జూల్స్ థార్న్ 1899లో వియన్నాలో పుట్టాడు. 1920లలో లండన్‌కు వచ్చినప్పుడు ఆయన అమ్మింది కరెంటు దీపాలు కాదు, గ్యాసు దీపాలకు తొడిగే మాంటిల్స్. మన పెళ్ళి ఊరేగింపుల పెట్రోమాక్స్ దీపంలో కట్టే తెల్లటి వల లాంటిదే అది. ఆయనను పంపిన ఆస్ట్రియా కంపెనీ దివాలా తీసింది. థార్న్ వెనక్కి వెళ్ళలేదు. 1928లో ఎలక్ట్రిక్ ల్యాంప్ సర్వీస్ కంపెనీ పెట్టి, విదేశాల నుంచి బల్బులు తెప్పించి అమ్మాడు. కొద్ది సంవత్సరాలకే ఉత్తర లండన్‌లోని ఎడ్మంటన్‌లో అట్లాస్ పేరుతో సొంతంగా తయారీ మొదలుపెట్టాడు. 1936లో థార్న్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ స్టాక్ మార్కెట్‌కు వెళ్ళింది.

పెద్ద సంస్థలు అమెరికా జీఈ, ఓస్రామ్ పేటెంట్ల చుట్టూ తిరుగుతుంటే, థార్న్ ఆ వలయానికి బయట ఉన్న అమెరికన్ కంపెనీ సిల్వేనియాతో చేతులు కలిపి, యుద్ధం తర్వాత ట్యూబ్‌లైట్ల తయారీలో దూసుకుపోయాడు. కర్మాగారాలకు, బడులకు, ఆఫీసులకు కొత్త వెలుగు కావలసిన రోజులవి. దీపాల అమరికలు, అంటే బల్బును పట్టి ఉంచే చట్రాలు, డోములు, వీధి దీపాల తలలు తయారు చేయడానికి డర్హమ్ ప్రాంతంలోని స్పెన్నీమూర్‌లో పెద్ద కర్మాగారం నడిపాడు. రేడియోలు, టీవీలు కూడా చేశాడు.

1964లో ఏఈఐ, థార్న్ తమ దీపాల వ్యాపారాలను కలిపి బ్రిటిష్ లైటింగ్ ఇండస్ట్రీస్ అనే సంస్థ పెట్టాయి. పెద్ద వాటా థార్న్‌ది. ఎడిస్వాన్ వారసత్వం, మజ్డా పేరు, అట్లాస్ పేరు ఒకే చూరు కిందికి వచ్చాయి. వెనువెంటనే ఇంకొక మలుపు. 1967లో ఆర్నాల్డ్ వైన్‌స్టాక్ నాయకత్వంలోని జీఈసీ ఏఈఐని మొత్తంగా మింగేసింది. జీఈసీకి ఓస్రామ్ ఉంది. ప్రత్యర్థి దీపాల కంపెనీలో వాటా దాని చేతిలో ఉండడం కుదరదు. ఆ వాటా థార్న్‌కు వచ్చింది. గ్యాసు మాంటిల్స్ అమ్మడానికి వచ్చిన మనిషి, వచ్చిన నలభై నాలుగైదేళ్ళకు, స్వాన్ మొదలుపెట్టిన వ్యాపారానికి యజమాని అయ్యాడు. సంస్థ పేరు థార్న్ లైటింగ్.

విడిపోవడం

1979 చివర్లో థార్న్ ఈఎంఐని కొంది. రికార్డుల కంపెనీ, అబ్బీ రోడ్ స్టూడియో, సీటీ స్కానర్ కనిపెట్టి కూడా దాని మీద నష్టపోయిన కంపెనీ అది. జూల్స్ థార్న్ 1980లో మరణించాడు. థార్న్ ఈఎంఐ కంప్యూటర్ చిప్పుల దాకా విస్తరించి, ఆ తర్వాత ఒక్కొక్కటే వదిలించుకుంది. టీవీలు 1987లో ఫ్రాన్స్ థామ్సన్‌కు వెళ్ళాయి. ఈ కాలంలో కూడా దీపాల విభాగం బాగా ఆలోచించింది. రెండు డీ అక్షరాలను వీపు ఆనించి పెట్టినట్టున్న 2డీ దీపం దానిదే. గొట్టాన్ని మడిచి చదునుగా చేసిన ఆ పొదుపు దీపం గోడలకు, పైకప్పులకు సరిపోయింది.

దీపాల వ్యాపారం రెండుగా చీలింది ఇక్కడే. వెలుగునిచ్చే బల్బులు, ట్యూబులు ఒక వ్యాపారం, వాటిని పట్టి ఉంచే అమరికలు మరొకటి. బల్బులకు కోట్ల సంఖ్యలో ఒకే రకంగా తయారు చేయగల ప్రపంచస్థాయి కర్మాగారం కావాలి. అమరికలకు ఒక్కో భవనానికి, ఒక్కో వీధికి తగ్గ రూపకల్పన కావాలి. 1991లో బల్బుల భాగాన్ని అమెరికా జీఈ తీసుకుంది. జీఈ అంటే ఎడిసన్ కంపెనీల కలయికలోంచి 1892లో పుట్టిన సంస్థ. 1883లో స్వాన్ ఎడిసన్‌తో కలిశాడు, నూట ఎనిమిదేళ్ళకు ఆ వ్యాపారం మొత్తంగా ఎడిసన్ వారసుల ఇంటికి చేరింది. అప్పటికే హంగరీలోని టంగ్‌స్రామ్ కూడా జీఈ చేతిలో ఉంది. యూరప్ దీపాల వ్యాపారానికి కేంద్రం బుడాపెస్టు అయింది. 2009 నుంచి యూరప్ పాతరకం తంతువు బల్బులను దశలవారీగా మార్కెట్ నుంచి తొలగించింది. 2018లో జీఈ తన యూరప్ వ్యాపారాన్ని వదిలించుకుంది. టంగ్‌స్రామ్ పేరుతో వేరుపడిన ఆ సంస్థ 2022లో దివాలా తీసింది.

అమరికల భాగం వేరే దారిన నడిచింది. 1993లో దాన్ని నడుపుతున్నవాళ్ళే కొనుక్కున్నారు, మరుసటి ఏడాది లండన్ స్టాక్ మార్కెట్‌కు తెచ్చారు. 1998లో వాసాల్ అనే సంస్థ కొంది. వాసాల్‌ను కేకేఆర్ పెట్టుబడి సంస్థ కొంది. 2000లో ఆ అమరికల వ్యాపారాన్ని జుంటోబెల్ కొంది. జుంటోబెల్ ఆస్ట్రియాలోని డోర్న్‌బిర్న్ కంపెనీ. ఆస్ట్రియా నుంచి ఒక దివాలా కంపెనీ తరఫున వచ్చిన థార్న్ పేరు ఆస్ట్రియా చేతికే తిరిగి వెళ్ళింది. అమరికల మీద ఆ పేరు ఇంకా ఉంది. కొత్త యజమానుల చేతికి వచ్చిన వాటిలో స్పెన్నీమూర్ కర్మాగారం కూడా ఉంది. స్వాన్ తన మొదటి దీపాన్ని వెలిగించిన న్యూకాజిల్‌కు దక్షిణాన, అదే ఈశాన్య ఇంగ్లండులో ఉన్న ఊరు అది.